కాల్బలానికి పేర్లు పెట్టిన నవలలు

నన్నయ్య గారి ఆదిపర్వంలో సైన్యం లెక్క ఒకటి ఉంటుంది. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాలిబంట్లు కలిస్తే ఒక పత్తి. మూడు పత్తులు ఒక సేనాముఖం, మూడు సేనాముఖాలు ఒక గుల్మం. అలా మూడేసి రెట్లు పెరుగుతూ పోయి, చివర్లో ఒక్కసారి పదింతలై అక్షౌహిణి అవుతుంది. ఒక్క అక్షౌహిణిలో కాలిబంట్లు 1,09,350 మంది. కురుక్షేత్రానికి వచ్చినవి పద్దెనిమిది అక్షౌహిణులు కాబట్టి, నడిచి వచ్చి చచ్చిపోయినవాళ్ళు 19,68,300 మంది. వీళ్ళలో ఒక్కడి పేరు చెప్పండి చూద్దాం. శంఖాలకి పేర్లున్నాయి: పాంచజన్యం, దేవదత్తం, పౌండ్రం. విల్లుకి పేరుంది. బంటుకి లేదు.

రాజమండ్రిలో మొదలుపెట్టిన నన్నయ్య గారు అరణ్యపర్వం మధ్యలోనే ఆగిపోయారు. యుద్ధమంతా నెల్లూరు వెళ్ళి తిక్కన గారి చేతిలో పడింది. మా గోదావరి ఒడ్డున మిగిలింది ఈ లెక్క ఒక్కటే.

ఈ లెక్క నాకు తరచూ గుర్తొచ్చేది మాత్రం వేరే చోట. డాన్ ఆబ్నెట్ రాసిన గాంట్స్ ఘోస్ట్స్ నవలలు చదువుతున్నప్పుడు. వార్‌హామర్ 40,000 అని ఒక టేబుల్ మీద ఆడే యుద్ధం ఆట ఉంది కదా, ఆ లోకంలో జరిగే కథ. నలభై ఒకటో శతాబ్దపు మొదట్లో అనుకునేరు. కాదు, నలభై ఒకటో సహస్రాబ్ది. మనుషుల సామ్రాజ్యం నక్షత్రాల మధ్య పరుచుకుని ఉంటుంది, ఎక్కడ చూసినా యుద్ధమే. అందులో ఒక పదాతి పటాలం, దాని పేరు టానిత్ ఫస్ట్ అండ్ ఓన్లీ. మొదటి నవల 1999లో వచ్చింది, పదిహేనోది 2019లో. పదిహేను నవలలూ ఆ ఒక్క పటాలం వెంటే నడుస్తాయి. నేను అనేది ఏమిటంటే, యుద్ధ సాహిత్యం పేరుతో మనం తరాలుగా చదువుకుంటున్న వీరగాథలకంటే ఈ అంతరిక్షపు సిపాయి కథలే మా డెల్టాకి దగ్గరివి. ఇలాంటివి తెలుగులో ఎవరూ రాయకపోవడం మాత్రం నిజంగా లోటే.

ముందు పెద్ద అభ్యంతరం సంగతి తేల్చేస్తాను. "బొమ్మలు అమ్ముకునే కంపెనీ రాయించిన నవలలకి ఇంత హడావిడా" అంటారు మిత్రులు. నిజమే, గేమ్స్ వర్క్‌షాప్ అనే బ్రిటిష్ కంపెనీ ప్లాస్టిక్ సిపాయిల్ని అమ్ముకుంటుంది, దాని ప్రచురణ విభాగమే ఈ నవలలు వేస్తుంది. నన్నయ్య గారితో భారతం రాయించింది మాత్రం ఎవరు? రాజరాజ నరేంద్రుడు తన వంశం పాండవులదని చెప్పుకోవడానికి రాయించుకున్నాడు. రాయించినవాడి అవసరం వేరు, రాసినవాడి పనితనం వేరు. ఇక్కడితో ఇది వదిలేద్దాం.

టానిత్ అనేది అడవుల గ్రహం. ఆ గ్రహం నుంచి సామ్రాజ్యానికి తొలిసారిగా పటాలాలు కడుతున్నారు. మనుషుల్ని ఎంచి, యూనిఫారాలిచ్చి, ఓడలెక్కించే సమయానికే శత్రువు వచ్చి పడ్డాడు. వీళ్ళకి కొత్తగా వచ్చిన అధికారి ఇబ్రామ్ గాంట్ ముందు రెండు దారులున్నాయి. దిగి పోరాడి అందరూ చావడం ఒకటి. గ్రహాన్ని వదిలేసి, చేతికందినంత మందిని బయటికి తీసుకుపోవడం రెండోది. అతను రెండోది చేశాడు. టానిత్ కాలిపోయింది. ఇక ఆ ఊరి నుంచి రెండో పటాలం పుట్టే వీలు లేదు కాబట్టి, మొదటిదే చివరిది. తమని బతికించినవాణ్ణి ఆ సిపాయిల్లో సగం మంది క్షమించలేదు. మేజర్ రాన్ అనేవాడైతే ఎప్పటికైనా గాంట్‌ని చంపుతానని మొహం మీదే చెప్తాడు. అయినా పుస్తకం తర్వాత పుస్తకం అతని కింద పనిచేస్తూనే ఉంటాడు.

ఊరు పోయినవాడికి ఏం మిగులుతుందో రాసిన తీరు చూడండి. ఒక కత్తి. మట్టిలో, ఆకుల్లో కలిసిపోయే ఒక ముసుగు దుప్పటి. ఊదడానికి ఒక కుర్రాడి దగ్గర ఊదుడు వాద్యం. సాక్రా అని డొక్కు డబ్బాల్లో కాచుకునే నాటు సరుకు. ఒక తిట్టు. ఇంతే టానిత్. కాకినాడ పక్కన ఉప్పాడ తెలిసినవాళ్ళకి ఇది కల్పనలా అనిపించదు. అక్కడ సముద్రం ఏళ్ళ తరబడి ఒడ్డుని కోసుకుంటూ వస్తోంది. ఇళ్ళు పోయాయి, రోడ్డు మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు, మళ్ళీ మళ్ళీ పోతోంది. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో కొబ్బరి చెట్లన్నీ ఒకే దిక్కుకి పడి ఉన్న దృశ్యం చూసినవాళ్ళు కూడా గాంట్ వెంట ఓడెక్కినవాళ్ళ మౌనాన్ని ఇట్టే పోల్చుకుంటారు.

అయితే ఈ నవలల అసలు బలం ఊరు పోవడంలో లేదు. అది మొదటి పుస్తకంతోనే అయిపోతుంది. తర్వాత పద్నాలుగు పుస్తకాలు నిలబడింది ఒకే ఒక్క ప్రశ్న మీద: చచ్చిపోయినవాళ్ళ ఖాళీల్లోకి ఎవరొస్తారు? ఊరే లేనప్పుడు కొత్తవాళ్ళు ఆ ఊరి నుంచి రారు. మరి వేరే ఊరివాళ్ళు వచ్చి చేరితే అది అదే పటాలమా?

మూడో నవల నెక్రోపోలిస్‌లో వెర్వన్‌హైవ్ అనే మహానగరాన్ని ముట్టడిస్తారు. నగరమంటే మన ఊహకి అందని నగరం, ఫ్యాక్టరీలూ గనులూ పేటలూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. ముట్టడి సాగేకొద్దీ గనికూలీలు, మగ్గాలమీద పనిచేసే ఆడవాళ్ళు, వీధి రౌడీలు శిథిలాల్లో తమంతట తామే దళాలు కట్టి పోరాడతారు. యుద్ధం అయ్యాక నగరం నివాసయోగ్యంగా ఉండదు. ఆ జనంలో చాలామంది టానిత్ పటాలంలో చేరతారు. ఆడవాళ్ళూ చేరతారు. అక్కణ్ణుంచి అసలు గొడవ మొదలు. టానిత్ వాడి తిట్టు వేరు, వీళ్ళ తిట్టు వేరు. పాతవాళ్ళు అడవి మనుషులు, చడీచప్పుడు లేకుండా నడుస్తారు. కొత్తవాళ్ళు నగరం వాళ్ళు, సందుల్లో పోరాటం బాగా వచ్చు. గురి చూసి కాల్చడంలో కొత్తవాళ్ళే మెరుగని తేలేసరికి పాతవాళ్ళకి ఎక్కడో కాలుతుంది. ఇంకా కొన్ని పుస్తకాలకి బెల్లడాన్ అనే మూడో గ్రహం వాళ్ళు కూడా కలుస్తారు, కొంతకాలం పటాలం పేరే మారిపోతుంది.

గోల్ కోలియా అని ఒక గనికూలీ ఉంటాడు. నెక్రోపోలిస్‌లో ఇల్లు కూలి పెళ్ళాం పిల్లలు పోయారనుకుని, ఆ కసితో తుపాకీ పడతాడు. పిల్లలు బతికే ఉన్నారు. టోనా క్రీడ్ అనే అమ్మాయి, వీధి రౌడీ గ్యాంగులోంచి వచ్చినది, వాళ్ళని శిథిలాల్లోంచి లాక్కొచ్చి పెంచుతోంది, అదే పటాలంలో, అదే శిబిరంలో. కోలియాకి ఈ సంగతి తెలుస్తుంది. తెలిసీ నోరు మెదపడు. పిల్లలు ఆమెని అమ్మ అంటున్నారు, ఇప్పుడు నేనెవర్నని చెప్పుకోను అని. మన సినిమాలో అయితే ఈ పాటికి ఒక పాటా, ఒక కౌగిలింతా అయిపోయి ఉండేవి. ఇక్కడ అది పుస్తకాలకి పుస్తకాలు నానుతుంది. ఆ పిల్లల్లో పెద్దవాడు డాలిన్ పెరిగి పెద్దవాడై, పదో నవలలో తనే సిపాయిగా చేరతాడు. అతన్ని శిక్షల దళంలో వేసి, తిట్టి, కొట్టి తయారుచేస్తారు. వీరుడి కొడుకు వీరుడైనట్టు కాదు, కూలివాడి కొడుకు అదే కూలికి వెళ్ళినట్టు ఉంటుంది ఆ పుస్తకం.

ఇంకొకడు బ్రాగ్. భారీకాయుడు, భారీ తుపాకీ మోస్తాడు, గురి మాత్రం సున్నా. 'ట్రై అగైన్' అని అందరూ ఏడిపిస్తారు. ఇలాంటివాడు చివరిదాకా నవ్విస్తూ బతుకుతాడని అనుకుంటాం. అయిదో పుస్తకంలో సొంత పటాలంలోని వాడే చంపుతాడు. (ఇంకా చదవనివాళ్ళు నన్ను తిట్టుకోండి, పుస్తకం వచ్చి రెండు దశాబ్దాలు దాటింది.) పేరున్న బంటు చచ్చిపోతే ఎంత నొప్పో తెలిసేది అప్పుడే. అభిమన్యుడి చావుకి ఏడుస్తాం. ఆ రోజే పద్మవ్యూహంలో అతని చేతిలో పోయిన వందల మంది కాల్బలం సంగతి మనకి పట్టదు, వాళ్ళెవరో కవి చెప్పలేదు కాబట్టి.

మా బాబాయి మద్రాస్ రెజిమెంట్‌లో చేసి హవల్దారుగా రిటైరయ్యాడు. మా వైపు ఇది వింతేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, దాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్ళే ఊరు అది, రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. బాబాయి ఇంట్లో మంచం కింద నల్ల ట్రంకు పెట్టె ఒకటి ఉంటుంది. దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, హోదా, పేరు, పటాలం వరసగా రాసి ఉంటాయి. నంబరూ పేరూ ఒక్కసారి రాసినవి, సగం చెరిగిపోయాయి. హోదా దగ్గర మాత్రం పెయింటు దళసరిగా చేతికి తగులుతుంది. సిపాయి మీద నల్ల రంగు వేసి నాయక్ అని రాశారు, దాని మీద మళ్ళీ నల్ల రంగు వేసి హవల్దార్ అని రాశారు. పక్కనుంచి వెలుగు పడితే కింద అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి.

ఆయనకి నేను పదకొండో నవల ఓన్లీ ఇన్ డెత్ కథ చెప్పాను. దుమ్ము తప్ప ఏమీ లేని ఒక గ్రహం మీద, కొండ అంచున పాతకాలపు కోటలాంటి ఇల్లు. దాన్ని పట్టుకుని కూర్చోమని పటాలానికి ఆర్డర్. శత్రువుకంటే ముందు నీళ్ళ కరువే చంపేలా ఉంటుంది. దయ్యాలున్నాయని నేను గొంతు తగ్గించి చెప్తుంటే ఆయన మధ్యలో ఆపేశాడు.

"ఒరేయ్ అబ్బాయ్, దెయ్యాల సంగతి తర్వాత. మనిషికి నీళ్ళు ఏ లెక్కన ఇచ్చారు?"

"సీసా లెక్కన రేషన్ పెట్టారు బాబాయ్."

"అయితే రాసినాయనకి తెల్సు," అన్నాడు. ఆ తర్వాత తను మంచు కొండ మీద పోస్టులో ఉన్నప్పటి కబురు ఎత్తాడు. మంచు తెచ్చి కిరసనాయిలు స్టవ్ మీద కరిగించుకుని తాగేవారట. ఎంత మంచు వేసినా గ్లాసుడు నీళ్ళు వచ్చేవి కాదట, అవీ కిరసనాయిలు కంపు. కాలవ గట్టు మీద పుట్టి, ఈత నేర్చుకోకుండానే ఈత వచ్చేసినవాడు నీళ్ళకి మొహం వాచాడు. కాల్పుల గురించి అడిగితే మాట దాటేస్తాడు. నీళ్ళ గురించి, గ్రీజు పట్టిన చేతికి సబ్బు దొరకని రోజుల గురించి, సెలవు కాగితం మీద సంతకం కోసం ఎదురుచూడడం గురించి అడిగితే రాత్రి పదింటిదాకా చెప్తాడు.

ఇది ఈ కోవ నవలల్ని కొలిచే మంచి కొలబద్ద అని నా అభిప్రాయం. ఆబ్నెట్ నీళ్ళు, మందులు, తుపాకీ గుళ్ళ పెట్టెలు, కుట్లు ఊడిపోయిన బూట్లు రాసినచోట నమ్ముతాం. ఆరో పుస్తకం స్ట్రెయిట్ సిల్వర్‌లో బురద కందకాల యుద్ధం ఉంటుంది, పేజీలు తడిగా అనిపిస్తాయి. అదే ఏడో పుస్తకంలో ఒక పుణ్యాత్మురాలు అవతరించి మహిమలు మొదలయ్యేసరికి నాకు ఆవలింతలొచ్చాయి. గాంట్ కత్తి దూసి ముందుకురికే ఘట్టాలూ అంతే. హీరో పెద్దవాడైన ప్రతిచోటా పటాలం చిన్నదైపోతుంది, మళ్ళీ మన అక్షౌహిణిలా గుంపైపోతుంది.

అసలు ఆ సామ్రాజ్యం మంచిదేమీ కాదని కూడా చెప్పాలి. ప్రతి గ్రహమూ పన్ను కట్టాలి, ఆ పన్నులో మనుషులూ ఒక పద్దు. వెనక్కి తగ్గిన సిపాయిని అక్కడికక్కడే కాల్చే అధికారం కమిస్సార్లనే అధికారులకి ఉంటుంది. గాంట్ కల్నలే కాదు, కమిస్సార్ కూడా. ఇదంతా నియంతల్ని మెచ్చుకోవడమే అనేవాళ్ళున్నారు. వాళ్ళతో నాకు సగమే పేచీ. ఈ యుద్ధం ఎందుకని పదిహేను పుస్తకాల్లో ఎవడూ గట్టిగా అడగడు. జో హాల్డెమన్ వియత్నాం వెళ్ళొచ్చి 1974లో రాసిన ది ఫరెవర్ వార్‌లో ఆ ప్రశ్నే వెన్నెముక. అందులో సిపాయికి నెలలు గడిచేసరికి భూమి మీద తరాలు గడిచిపోతాయి, చివరికి ఆ యుద్ధం అపార్థంతో మొదలైందని తేలుతుంది. ఆలోచనగా అది పెద్ద పుస్తకం, సందేహం లేదు. కానీ అందులో కథానాయకుడు మాండెల్లా పక్కన నిలబడ్డవాళ్ళలో ఎంతమంది గుర్తుంటారు? నాకు మేరీగే అనే ఆమె ఒక్కతే. ఆబ్నెట్ పుస్తకాల్లో పాతికమందిని నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

ఆ సామ్రాజ్యం పద్ధతి మనకి తెలియంది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తిచేసిన కాటన్ దొర మద్రాసు ఇంజనీర్ల దళం ఆఫీసరు, అంతకుముందు బర్మా యుద్ధంలో పనిచేసినవాడు. డెల్టాకి అన్నం పెట్టిన ఆ ప్రభుత్వమే మనుషుల్నీ పట్టుకుపోయింది. ఇంకో విడ్డూరం చూడండి. పందొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి దొరలు మార్షల్ రేసులని ఒక సిద్ధాంతం లేవదీశారు. కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయి, మద్రాసు వైపు వాళ్ళు పనికిరారు అని. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక మద్రాసు పటాలాల్ని ఒకటొకటిగా రద్దుచేశారు, 1928 కల్లా 3వ మద్రాస్ రెజిమెంట్ పూర్తిగా పోయింది. మళ్ళీ 1941లో, యుద్ధం మెడ మీదికి వచ్చాక, పనికిరానివాళ్ళే పనికొచ్చారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీదా విశాఖ మీదా బాంబులు వేసేనాటికి మావాళ్ళు మళ్ళీ ఖాకీలో ఉన్నారు.

ఘోస్ట్స్ నవలల్లో అచ్చం ఈ చిన్నచూపే నడుస్తుంది. వోల్పోన్, జాంటైన్ అని పెద్దింటి పటాలాలు కొన్ని ఉంటాయి, మెరిసే యూనిఫారాలు, వంశాల గొప్పలు. టానిత్ వాళ్ళంటే వాళ్ళకి అడవి మనుషులు. చచ్చే పని వీళ్ళకి, పతకాలు వాళ్ళకి. మొదటి రెండు పుస్తకాల్లో నాకు బాగా నచ్చింది శత్రువుతో యుద్ధం కాదు, ఈ లోపలి యుద్ధమే.

తెలుగులో ఇలాంటిది రాయడానికి సరుకు లేదా అంటే, పిఠాపురం దగ్గర చందుర్తి ఉంది. 1758 డిసెంబరులో అక్కడ ఫోర్డు నాయకత్వంలో ఇంగ్లీషువాళ్ళు, కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలో ఫ్రెంచివాళ్ళు తలపడ్డారు. విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్ళ పక్షం. బెంగాల్ నుంచి వచ్చిన సిపాయిలకి ఎర్ర కోట్లు తొడిగి ఉన్నారు. ఇంగ్లీషు దళం ఏపుగా పెరిగిన చేను చాటున ఉండిపోయింది. ఎర్ర కోట్లు చూసి వీళ్ళే తెల్లవాళ్ళనుకుని ఫ్రెంచివాళ్ళు సిపాయిల మీద విరుచుకుపడ్డారు, చాటునున్న దళం పక్కనుంచి వచ్చి కొట్టింది. తర్వాతి ఏప్రిల్‌లో మచిలీపట్నం పడిపోయింది, కోస్తా చేతులు మారింది. చరిత్రలో ఫోర్డు ఉన్నాడు, కాన్‌ఫ్లాన్స్ ఉన్నాడు, రాజుగారు ఉన్నారు. వేరేవాళ్ళ కోటు తొడుక్కుని ఆ దెబ్బకి ఎదురు నిలబడ్డ సిపాయిల్లో ఒక్కడి పేరు నాకు ఎక్కడా తగల్లేదు. ఆ సిపాయిల్లో ఒక పదిమందికి పేర్లు పెట్టి, ఆ చేనుని తీసుకెళ్ళి ఏ శుక్రగ్రహం మీదో నాటితే నవల అయిపోతుంది.

దాన్ని రాసేవాళ్ళు కులం సంగతి దాటేస్తే మాత్రం ఒప్పుకోను. డెల్టా ఊళ్ళో ఎవరి పేట వారిది, ఎవరి రేవు వారిది. అక్కణ్ణుంచి సైన్యంలోకి వెళ్ళినవాడు లంగరులో, అంటే పటాలం భోజనశాలలో, ఒకే వరసలో పళ్ళెం పట్టుకుని నిలబడతాడు, పక్కన తమిళుడు, మలయాళీ, కన్నడిగుడు. ఇరవై ఏళ్ళు అలా తిని సెలవుకో, పెన్షనుకో ఇంటికొస్తే, దిగిన బస్టాండులోనే నువ్వెవరి అబ్బాయివని అడుగుతారు. టానిత్ వాడూ వెర్వన్‌హైవ్ వాడూ కలవడానికి ఆబ్నెట్‌కి ఏడెనిమిది పుస్తకాలు పట్టాయి. మన రచయితకి ఇంకా ఎక్కువే పట్టొచ్చు, సరుకు అంత ఉంది. రాస్తామనే వలంటీర్లు ఎవరైనా ఉంటే మా వైపు రండి, కోరంగి మడ అడవుల్లో ఒక పూట పడవ మీద తిప్పుతాను. ఎనిమిదో నవలలో గాంట్ దళం దాక్కున్న చిత్తడి అడవి ఎలా ఉంటుందో, దోమల లెక్క ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది.

చదువుదామనుకునేవాళ్ళకి ఒక మాట. మొదటి పుస్తకంతో మొదలుపెట్టొద్దు. అందులో కుట్రలు ఎక్కువ, మనుషులు ఇంకా కుదురుకోలేదు. రెండోది విడివిడి కథల గుచ్ఛం, ఒక్కో కథా ఒక్కో సిపాయిది. ముందు అది చదివి పేర్లు పట్టుకోండి. వెంటనే నెక్రోపోలిస్‌కి వెళ్ళిపోండి. నాలుగు, అయిదు, ఆరు వరసగా లాగించండి. ఏడోది తప్పదు కాబట్టి చదవాలి, మహిమల పేజీలు తిప్పేసినా పర్వాలేదు, చివరి వంద పేజీలు మాత్రం వదలొద్దు. కోలియా సంగతి తెలుసుకోవాలని తొందరపడి వికీ పేజీలు వెతికితే మీ ఖర్మ.